కంప్యూటర్లు వేసే టముకు

రేపు ఊళ్ళో కుళాయి నీళ్ళు రావని అందరికీ తెలియజెయ్యాలి. ఇంటింటికీ ఉత్తరం రాస్తామా? రాయం. టముకు వేయిస్తాం. కంప్యూటర్లకు కూడా ఇలాంటి టముకు ఒకటి ఉంది. దాని పేరు బ్రాడ్‌కాస్టు.

నర్సీపట్నంలో ఒక హైస్కూలు కంప్యూటరు గదిని ఊహించుకోండి. 30 యంత్రాలను తీగలతో ఒక వలగా కలిపారు. కంప్యూటర్లు సమాచారాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుకుంటాయి. వీటినే ప్యాకెట్లంటారు. ప్రతి పొట్లం మీదా చిరునామా ఉంటుంది. సరే, కొత్తగా వచ్చిన యంత్రానికి తన చిరునామాయే తెలియదు. అది ఇచ్చేదెవరో కూడా తెలియదు. ఎవరినని పిలుస్తుంది? అందుకే "చిరునామాలు ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా?" అని అందరినీ ఒకేసారి అడుగుతుంది.

"అందరికీ" అని ఎలా రాస్తారు? యంత్రంలోని నెట్‌వర్కు కార్డు చిరునామాలో 48 బిట్లు ఉంటాయి. అన్నీ 1లే అయితే ఆ పొట్లం అందరిదీ అన్నమాట. ఇంటర్నెట్ చిరునామాలలో అయితే 255.255.255.255 అని రాస్తారు. ఈ పద్ధతిని 1984లో జెఫ్రీ మోగల్ ఒక నియమపత్రంలో వివరించాడు.

యునిక్స్‌లో ప్రోగ్రాము రాసేవారు పొట్లాలు పంపడానికి సాకెట్టు అనే ద్వారం తెరుస్తారు. కాని అందరికీ పంపబోతే యునిక్స్ "అనుమతి లేదు" అని ఆపేస్తుంది! "ఎస్ఓ బ్రాడ్‌కాస్ట్" అనే మీట నొక్కి, తెలిసే చేస్తున్నామని ముందుగా చెప్పాలి. బర్కిలీ యునిక్స్ తొలి రూపాలలో అయితే ఈ హక్కు యంత్రాధికారికి మాత్రమే ఉండేది.

ఇంత కట్టుదిట్టం ఎందుకు? వినే యంత్రాల సంగతి చూడండి. ఒకరికి రాసిన పొట్లాన్ని మిగిలిన యంత్రాల కార్డులు పట్టించుకోవు. అందరికీ రాసినదాన్ని మాత్రం ప్రతి యంత్రమూ చేస్తున్న పని ఆపి, విప్పి చూడాలి. లోపల పోర్టు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య దగ్గర వినే ప్రోగ్రాము ఉంటే దానికి అందిస్తుంది, లేకపోతే పారేస్తుంది. ఇంకో తమాషా ఏమిటంటే, పొట్లం అందుకున్న ప్రోగ్రాముకు మామూలుగా పంపినవారి చిరునామాయే తెలుస్తుంది. అది తనకొక్కదానికే వచ్చిందా, అందరికీ వచ్చిందా అన్నది తెలియాలంటే "రెక్వ్‌మెసేజ్" అనే పిలుపుతో, గమ్యం చిరునామా కూడా ఇమ్మని ప్రత్యేకంగా అడగాలి.

ఊరి టముకు పొలిమేర దాటదు కదా! ఇక్కడ పొలిమేర రూటరు. నర్సీపట్నం బడిలో వేసిన కేక చింతపల్లి కొండ ఎక్కదు. రూటరు దగ్గరే ఆగిపోతుంది.

అయితే ఒకప్పుడు ఈ పొలిమేరలో ఒక సందు ఉండేది. దూరాన ఉన్నవారు కూడా ఒక వలలోని "అందరికీ" అని రాసి పంపవచ్చు. 1990ల చివర కొందరు దుర్మార్గులు దీన్ని కనిపెట్టారు. "ఉన్నారా?" అనే చిన్న పొట్లం మీద, పంపినవారి చోట తమ చిరునామాకు బదులు ఒక అమాయకుడి చిరునామా రాసేవారు. వలలో 200 యంత్రాలుంటే 200 జవాబులూ వెళ్ళి ఆ అమాయకుడి మీద పడేవి. పాపం, అతని యంత్రానికి ఊపిరాడేది కాదు. దీనికి "స్మర్ఫ్ దాడి" అని పేరు. 1999లో నియమం మార్చారు. బయటినుంచి వచ్చే అలాంటి పొట్లాలను, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, రూటరు ఆపెయ్యాలన్నారు. తరువాతి తరం చిరునామాలైన ఐపీ ఆరవ రూపంలో బ్రాడ్‌కాస్టే లేదు. వినదలచినవారు గుంపుగా చేరితే, ఆ గుంపుకే చెబుతారు.

ఇప్పుడొక లెక్క. 30 యంత్రాలూ సెకనుకొక కేక వేస్తే ఒక్కొక్కటి మిగిలిన 29 కేకలూ వినాలి. మొత్తం 870 వినికిళ్ళు. 100 యంత్రాలైతే 9,900! యంత్రాలు మూడు రెట్లు దాటాయి, పని పదకొండు రెట్లు దాటింది. మరి 200 యంత్రాలైతే ఎంతో మీరే వేసి చూడండి. టముకుకు పొలిమేర ఎందుకో జవాబులో కనబడుతుంది.