పులుపు ఏ గిన్నెలో నిలుస్తుంది?

జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో కొట్టి కలశాలు, దేవుళ్ల వాహనాలు, తలుపుల తొడుగులు చేస్తారు. కాకతీయుల కాలం నుంచీ ఆ పనికి పేరు. అలాంటి ఇత్తడి చెంబు ఇంట్లో నల్లబడితే ఏం చేస్తాం? చింతపండు, ఉప్పు కలిపి రుద్దుతాం. రెండు రుద్దులకే బంగారంలా మెరుస్తుంది.

అప్పుడు చెంబు మీంచి కారే నీళ్లను ఒకసారి చూడండి. నల్లగా, కొంచెం పచ్చగా ఉంటాయి. అది దుమ్ము కాదు. గాలి తగిలి ఇత్తడి మీద పేరుకున్న పొరను చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కరిగించింది. దాంతోపాటు ఇంత రాగి, ఇంత జింకు కూడా వచ్చాయి. రాత్రి మిగిలిన పచ్చిపులుసును ఇత్తడి గిన్నెలో ఉంచితే జరిగేదీ ఇదే. తోమిన నీళ్లు పారబోస్తాం, పులుసు మాత్రం తాగుతాం. రాగి మోతాదు మించితే కడుపునొప్పి, వాంతులు తప్పవు.

ఇది మన పెద్దలకు తెలుసు. అందుకే కళాయి పోయించేవారు. గిన్నెను బొగ్గుల మీద కాల్చి, లోపల నవాసారం చల్లితే తెల్లటి పొగ లేచి లోహం శుభ్రపడేది. తగరం కడ్డీని అక్కడ ఆనిస్తే కరిగిపోయేది, దూదితో గిన్నంతా పూసేవారు. తగరం పులుపుకు అంత తొందరగా లొంగదు. కానీ 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద వదలకూడదు. లోపల పసుపుపచ్చగా ఇత్తడి కనబడిందంటే కళాయి అరిగిపోయినట్టే.

మరి స్టీలు? అందులోని క్రోమియం గాలి తగలగానే కంటికి కనబడనంత పలుచని పొర కట్టి ఇనుమును కాపాడుతుంది. రోజువారీ కూరలకు ఆ కాపుదల చాలు. ఏడాది తొక్కుకు చాలదు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ పొడిచి సూదిమొన అంత గుంటలు పెడుతుంది. మిరప బాగా పండే మహబూబాబాద్ వైపు ఎండాకాలం కొత్త కారం, మామిడికాయలు ఒకేసారి ఇంటికి వస్తాయి. అప్పుడు జాడీ దించాల్సిందే. మెరుగు పోసిన పింగాణీ, గాజు పులుపు చేతిలో కరగవు. లోపలి మెరుగు పగిలిన జాడీని మాత్రం తొక్కుకు వాడొద్దు. లోపలివైపు కూడా రంగురంగుల పూతలుంటే నేనైతే కొనను, ఆ రంగుల్లో సీసం ఉండొచ్చు.

ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 1 అంటే నీళ్ల సీసాల ప్లాస్టిక్. వేడివేడిగా ఏది పోసినా మెత్తబడి ముడుచుకుంటుంది. 5 అంటే పాలీప్రొపిలీన్, వేడికి మెరుగ్గా ఓర్చుకుంటుంది. అయినా సలసల కాగిన నూనె అందులో పోయకండి. ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలను నూనె నీళ్లకంటే సులువుగా లాగుతుంది.

సంక్రాంతి సకినాలు దాచేటప్పుడు డబ్బా అడుగున పాత పేపరు పరచడం చాలా ఇళ్లలో చూశాను. నూనె పీల్చుకుంటుందని పరుస్తారు. పేపరు నూనెను పీల్చుకుంటే, నూనె అచ్చు సిరాను పీల్చుకుంటుంది. తినేవాటికి వార్తాపత్రికలు వాడొద్దని 2019 జులై నుంచి అమల్లోకి వచ్చిన ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. ఉతికిన నూలుగుడ్డ పరిస్తే సరిపోతుంది.

ఇక తేమ. భూపాలపల్లి అడవి పక్కన ముసురు పట్టిందంటే ఉప్పు డబ్బాలో నీరు ఊరుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దాన్ని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. కారంపొడి ఉండకట్టి బూజు పడుతుంది. మిరపకాయలకు పట్టే కొన్ని బూజుల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది వండినా పోదు. కాబట్టి మూత బిగుతు ఎంత ముఖ్యమో, మూత పెట్టే సమయమూ అంతే ముఖ్యం. గిర్నీ నుంచి తెచ్చిన కారం ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. వెంటనే డబ్బాలో పోసి బిగించామా, గంట తర్వాత మూత తిప్పి చూడండి, లోపల నీటి చుక్కలు కనబడతాయి. మూత తుడిచి, కారాన్ని మళ్లీ పళ్లెంలో పరిచి పూర్తిగా ఆరనివ్వాలి.