వెదురుబొంగు - ప్లాస్టిక్ డబ్బా

చింతూరు దారులు కలిసెడి చోటు. ఒక దారి భద్రాచలమునకు పోవును. మరొకటి కోంటా మీదుగా ఛత్తీస్‌గఢ్ లోనికి, ఇంకొకటి ఒడిశా వైపునకు సాగును. నాలుగవది మారేడుమిల్లి కనుమలు దిగి గోదావరి మైదానమును చేరును. చేరువనే శబరి పారుచున్నది. కోయలు, కొండరెడ్లు నివసించు ఈ సీమలో పాత్ర యనగా మొన్నమొన్నటి వరకు అడవి ఇచ్చినదే. నీటికి, జావకు సొరబుర్ర; భోజనమునకు అడ్డాకు విస్తరి; కూరకు దొన్నె; వంటకు మట్టికుండ. అవసరమైనపుడు వెదురుబొంగే కుండ.

కనుమ దారిని పోవు యాత్రికులు మారేడుమిల్లి వద్ద ఆగి ఆరగించు బొంగుకోడి నేడు ఊరూర పేరు పొందినది. పచ్చివెదురు కణుపు నొకదానిని నరికి, ఉప్పుకారములు పట్టించిన మాంసమును అందులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పులపై త్రిప్పుచు కాల్తురు. పచ్చి బొంగులో తడి యున్నంతవరకు అది అంత సులువుగా తగులబడదు. ఆ తడియే ఆవిరియై మాంసమును ఉడికించును. బొంగు చీల్చినంతనే వచ్చు కమ్మని వాసన వెదురుది. వేడి తగిలినపుడు పాత్ర తన గుణమును కొంత వంటకమునకు ఇచ్చుననుటకు ఇంతకన్న చక్కని నిదర్శనము తరగతి గదిలో చూపుట కష్టము. వెదురు ఇచ్చినది పరిమళము గనుక మనము మెచ్చుకొందుము. ప్లాస్టిక్ ఇచ్చునది మాత్రము నాలుకకు తెలియదు.

పట్టణపు వంటయిండ్లలో మైక్రోవేవ్ పొయ్యి సామాన్య వస్తువైనది. దాని పుట్టుక విచిత్రమైనది. 1945లో అమెరికాలో రేథియాన్ సంస్థలో రాడార్ యంత్రములపై పనిచేయుచుండిన పెర్సీ స్పెన్సర్ అను ఇంజనీరు, ఆ తరంగములు ఆహారమును వేడిచేయునని గుర్తించెను. 1947లో వచ్చిన తొలి పొయ్యిలు మనిషియెత్తు బీరువాలు. ఇంటి బల్లపై ఇముడునవి 1967 నుండి వ్యాప్తిలోనికి వచ్చినవి. ఈ పొయ్యిలో నిప్పులేదు. సెకనుకు 245 కోట్ల పర్యాయములు కంపించు విద్యుత్తరంగము ఆహారములోని నీటి అణువులను అటునిటు ఊపును; ఆ కదలికయే వేడిగా మారును. ప్లాస్టిక్ గుండ తరంగము దాదాపు అడ్డులేక సాగిపోవును గనుక డబ్బా దానంతటది అంతగా వేడెక్కదు. ఈ మాట విని పలువురు నిశ్చింతగా నుందురు. కాని వేడెక్కిన కూర డబ్బాను కాల్చకుండునా? నీరు నూరు డిగ్రీల వద్ద మరిగి ఆవిరియై పోవును. నూనెకు, చక్కెర పాకమునకు ఆ హద్దు లేదు. పలుచని పాలిథిన్ 105, 115 డిగ్రీల నడుమ కరగును. అంతకు చాలముందే మెత్తబడును. కావున సాదా అన్నము కన్న నూనె తేలుచున్న పులుసుతోనే జాగ్రత్త ఎక్కువ అవసరము.

ప్లాస్టిక్ ఒకే పదార్థమనుకొనుట పొరపాటు. ఆహారముపై బిగించి కప్పు పలుచని పొరలు కొన్ని పి.వి.సి.తో చేసినవి. వానిని మెత్తగా నుంచుటకు కలుపు ద్రవ్యములలో థాలేట్లు అనునవి కొవ్వులో సులువుగా కరగును. గట్టి గాజువలె మెరయు పాలికార్బనేటు తయారీలో బిస్ఫినాల్-ఏ వాడుదురు. అది స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజెన్ వలె ప్రవర్తించునని 1936లోనే లండనులో చార్లెస్ డాడ్స్ బృందము గుర్తించినది. అట్టి పదార్థముతో పసిపిల్లల పాలసీసాలు చేయుటను ఐరోపా సమాఖ్య నిషేధించినది 2011లో! తెలిసినదానికి, మానినదానికి నడుమ డెబ్బదియైదేండ్లు గడచినవి.

రసాయనములు గాక పొడియు ఉన్నది. 2023లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమువారు పసిపిల్లల ఆహారపు డబ్బాలను మైక్రోవేవ్‌లో మూడు నిమిషములు వేడిచేసి చూచిరి. కొన్ని డబ్బాల నుండి ఒక చదరపు సెంటీమీటరుకు 42 లక్షల వరకు సూక్ష్మ కణములు, 211 కోట్ల వరకు అతిసూక్ష్మ కణములు వెడలినవి. ఈ అంకెలు భీతి గొల్పును. అయినను కణములు ఇన్ని యనుటకు, వాని వలన ఈ రోగము వచ్చుననుటకు భేదము కలదు. ఆ రెండవ సంగతిపై పరిశోధన నేటికిని సాగుచున్నది. పుకార్ల విషయమును ఇచటనే చెప్పవలెను. మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ పెట్టిన డయాక్సిన్ అను విషము పుట్టునని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము పేరిట ఒక లేఖ లోకమంతట తిరిగినది. అది తమది కాదని ఆ విశ్వవిద్యాలయమువారే ఖండించిరి. డయాక్సిన్ పుట్టుటకు కావలసినంత మంట ఆ పొయ్యిలో లేదు.

చింతూరు పరిసర గూడెములలో మైక్రోవేవ్ అరుదు గదా, ఈ గొడవ మనకేల యని అడుగవచ్చును. పొయ్యి రాకున్నను వేడి, ప్లాస్టిక్ కలిసియే వచ్చినవి. తెలుగునాట ఏ కూడలిలో నైనను మరుగుచున్న టీని, సాంబారును పలుచని కవరులో పోసి ముడివేసి ఇచ్చుట వాడుకయైనది. కాగితపు కప్పును నమ్ముదురు గాని దాని లోపల నంటినదియు ప్లాస్టిక్ పొరయే. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వారు 85, 90 డిగ్రీల వేడినీటిని అట్టి కప్పులో పదునైదు నిమిషము లుంచగా, నూరు మిల్లీలీటర్లలో ఇరువదియైదు వేల సూక్ష్మకణములు తేలినవని 2020లో వెల్లడియైనది. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు దేశమంతట నిషిద్ధములు. కవరులోని టీ మాత్రము ఆ జాబితాకు దొరకలేదు.

ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఇంటి డబ్బాలను బోర్లించి చూపింపవచ్చును. అడుగున ముక్కోణములో అంకె యుండును. 5 యున్నది పాలిప్రొపిలీను. ఇది నూటయరువది డిగ్రీల వరకు కరగదు. 6 పాలిస్టైరీను, వేడికి తగదు. 1 నీళ్ల సీసాలకు వాడునది. అదియు వేడికి కాదు. మైక్రోవేవ్‌కు తగునని వ్రాసియున్న డబ్బా కరగిపోదని చెప్పవచ్చును గాని ఏమియు విడువదని చెప్పరాదు. నెబ్రాస్కాలో పరీక్షించిన వానిలో పాలిప్రొపిలీను డబ్బాలును ఉన్నవి. ఆహారమును గాజుపాత్రకు గాని పింగాణీకి గాని మార్చి వేడిచేయుట అర నిమిషపు పని. పైన పొర కప్పక తప్పనిచో అది ఆహారమును తాకరాదు.

ఇక అడ్డాకు మాట. అడవిచెట్లను అల్లుకొని ప్రాకు ఈ తీగె ఆకు ఆవుగిట్టవలె నడుమ చీలి, అరచేతికన్న వెడల్పుగా నుండును. గిరిజన స్త్రీలు ఆకులు కోసి, ఆరబెట్టి, సన్నని పుల్లలతో కుట్టి, కట్టలు కట్టి సంతకు తెత్తురు. ప్లాస్టిక్ పళ్లెము చౌకగా దిగినప్పుడు దెబ్బతిన్నది ఈ చేతిపనియే. నిషేధము తరువాత విస్తరికి మరల గిరాకి కలిగినదనుట నిజమే. కాని బజారులో మరయంత్రముపై ఒత్తిన విస్తరులు కొన్నింటికి పైన ఆకు, అడుగున పాలిథిన్ పొర! వేడి అన్నము ఆకుమీదనే పడుచున్నదని తినువాడు తలచును. కొనునప్పుడు విస్తరిని ఒకమారు వెనుకకు త్రిప్పి, అంచున గోటితో గీరి చూచిన ఆ పొర లేచి వచ్చును.