గాజుల చెయ్యి

మా తాతగారి ఊరు కడప జిల్లాలో. పొలిమేరలో చింతచెట్టు కింద రెండు పాతరాళ్లుండేవి. ఒకదానిమీద కత్తి పట్టిన మగవాడు. రెండోదానిమీద మోచేతి దగ్గర వంగి పైకి లేచిన ఆడదాని చెయ్యి. ముంజేతినిండా గాజులు, వేళ్లమధ్య నిమ్మపండు.

"ఎవరి చెయ్యవ్వా అది?" అని అడిగితే, "పేరంటాలమ్మది, నాయనా! దీవిస్తా ఉంది, మొక్కుకో" అనేది మా అవ్వ. మొక్కేవాణ్ణి.

పెద్దయ్యాక శాసనాలమీద మోజు పుట్టి, ఇలాంటి రాయి కనిపించిన చోటల్లా ఆగడం అలవాటయింది. ఇవి చనిపోయినవారి రాళ్లే గాని, కింద శవం ఉండాలని లేదు. పేరు నిలవడం ముఖ్యం.

మగవాడిది వీరగల్లు. యుద్ధంలోనో, ఊరి పసులను తోలుకుపోయే దొంగలతోనో పోరాడి పడిపోయినవాడి గుర్తు. పులితోనో, అడవిపందితోనో కలబడినవాళ్లకూ ఉన్నాయి. అరలు అరలుగా చెక్కిన రాయి అయితే పుస్తకంలా పైనుంచి చదవకూడదు, అడుగునుంచి పైకి పోవాలి. అడుగున పోరు. అక్కడ ఆవులు కనిపిస్తే అది పసులకోసం జరిగిన పోరని అర్థం. నడిమి అరలో అప్సరసలు వీరుణ్ణి చెరో ప్రక్క పట్టుకుని తీసుకుపోతుంటారు. పై అరలో శివలింగం, నంది. అంటే కైలాసం చేరాడన్నమాట. అన్నిటికీ పైన సూర్యచంద్రులు. పగలూ రాత్రీ కాపలా కాస్తున్నారని చిన్నప్పుడు నేననుకునేవాణ్ణి! దానశాసనాలలో 'ఆచంద్రార్కం' అంటారు చూడండి, అదే మాట ఇక్కడ బొమ్మలో ఉంది. సూర్యచంద్రులున్నంతకాలం ఇతని పేరుంటుందని. అక్షరం రానివాడికీ తెలియాలి గదా.

మరి ఆ చెయ్యి? అది సతిరాయి. కన్నడంలో మాస్తికల్లు అంటారు, మహాసతి రాయి అని. భర్త చితిమీద కాలిపోయిన ఇల్లాలికి నిలిపినది. దీవెన మాట అలా ఉంచండి, అసలు సంగతి గాజులలో ఉంది. మగడు పోయినదాని గాజులు పగలగొడతారు. ఈమె గాజులు పగలలేదు, ముత్తయిదువగానే పోయింది అని రాయి చాటుతోంది. పేరంటాలు అన్న పేరూ అందుకే వచ్చింది. ఆమె తానై నడిచిందా, ఎవరైనా నడిపించారా? ఆ సంగతి చెప్పే గుర్తు మాత్రం నేను చూసిన ఏ రాతిమీదా లేదు. 1829లో బెంటింక్ వంగదేశంలో సహగమనాన్ని నిషేధించాడు. 1830లో మద్రాసు రాజధానిలోనూ నిషేధం వచ్చింది.

ఆ గాజుల అర్థం తెలిసిన రోజున నాకు గుర్తుకు వచ్చింది చరిత్ర కాదు, మా అవ్వ. ఏటేటా మమ్మల్ని ఆ చెట్టుకిందికి తీసుకుపోయేది ఆవిడే. పసుపుకుంకుమలు మాత్రం తాను తాకేది కాదు, మా అమ్మచేత పెట్టించేది. అవ్వకు ఇరవై ఏళ్లు నిండకముందే తాతయ్య పోయాడట. ఎందుకు దూరంగా నిలబడేదో అడుగుదామంటే, అప్పటికే ఆవిడ లేదు. అమ్మ రాతిగాజులకు పసుపు పూస్తుంటే, అవ్వ నాలుగడుగుల అవతల, బోసిచేతులు కొంగుచాటున జోడించి నిలబడేది.