కామెర్లకు నేల ఉసిరి చాలా?

వానలు పడగానే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీల్లో ఖాళీ ప్లాట్లలో, ప్రహరీగోడల పక్కన ఓ చిన్న మొక్క మొలుస్తుంది. చింతాకుల్లాంటి ఆకులు. రెమ్మ తిప్పి చూస్తే అడుగున వరసగా బుల్లి ఉసిరికాయలు! అదే నేల ఉసిరి.

"కళ్ళు పచ్చబడ్డాయా? నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇవ్వు" అంటారు పెద్దవాళ్ళు. ఆయుర్వేదంలో భూమ్యామలకి అంటే ఇదే. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి ఉన్న 37 మందికి నెల రోజులు ఈ పొడి ఇస్తే, 22 మంది రక్తంలో ఆ వైరస్ జాడ పోయిందని 'లాన్సెట్' పత్రికలో రాశారు. అయితే తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో అంత గుణం కనబడలేదు.

మరి పసరు తాగి తగ్గినవాళ్ళ సంగతేమిటంటారా? కలుషిత నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకొస్తుంది! పిత్తాశయపు రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లైతే పసరుతో పోవు. గర్భిణులకు హెపటైటిస్-ఇ ప్రాణాంతకం కావచ్చు.

అందుకే కళ్ళు పచ్చబడితే ముందు డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించండి. ఆగని వాంతులు, మగత, తికమక మాటలుంటే క్షణం ఆలస్యం చేయకండి. పసరు వాడాలనుకుంటే డాక్టరుకి చెప్పే వాడండి. మురుగు పారేచోటి మొక్క మాత్రం వద్దు. తాగేనీళ్ళు కాచి చల్లార్చడం, పిల్లలకి హెపటైటిస్-బి టీకా వేయించడం మరవకండి. అమ్మమ్మ మాట మీద గౌరవం ఉండాల్సిందే, కానీ పరీక్ష తర్వాతే పసరు!