యంత్రం లెక్క, మనిషి పూచీ

రామకృష్ణాపూర్ గని కార్మికుని బిడ్డ నేడు డిగ్రీ సీటు కొరకు కళాశాలల చుట్టూ తిరగనవసరం లేదు. 2016లో ప్రారంభమైన ‘దోస్త్’ విధానంలో ఒకే దరఖాస్తుతో పలు విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలలను కోరుకోవచ్చు. 2020లో ముఖాన్ని పోల్చి గుర్తించే కృత్రిమ మేధ సాయంతో ఫోనులోనే పేరు నమోదు చేసుకొనే వీలు కలిగింది. ఇది మేలే.

అయితే యంత్రం తనకందిన అంకెనే నమ్ముతుంది. 2019 ఇంటర్ ఫలితాలలో మన మంచిర్యాల జిల్లా విద్యార్థిని ఒకరికి తెలుగులో సున్న వచ్చింది. జవాబు పత్రం తిరిగి చూడగా 99! మార్కుల వృత్తాలు దిద్దిన చేతి పొరపాటు అది.

బాగా చదివే విద్యార్థికి సున్న పడినప్పుడు ‘ఆగండి, పత్రం చూడండి’ అని హెచ్చరించడమే కృత్రిమ మేధ చేయదగిన ఉత్తమ సేవ. పత్రం చూసి తీర్పు చెప్పవలసింది మనిషి. మార్కులు విద్యార్థి మనకప్పగించిన అమానత్; యంత్రాన్ని చూపి ఆ బాధ్యత తప్పించుకోలేము.