రొమ్ములో గడ్డ: చీము పరీక్ష ఎందుకు?



బాలింతలకు రొమ్ములో పాలు గడ్డకట్టి, ఎర్రబడి, చలిజ్వరంతో చీము పట్టడం మన ముత్యంపేట, కోరుట్ల వైపు అందరికీ తెలిసినదే. వీటికి ఎక్కువగా స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి కారణం. సూదితో గాని, చిన్న కోతతో గాని చీము తీసి, సరైన మందులు ఇస్తే చాలావరకు మానిపోతుంది. బిడ్డకు పాలు మాన్పవలసిన పని కూడా సాధారణంగా ఉండదు.

కాని కొన్ని గడ్డలు మొండివి. ఇంట్లో బీడీలు చేసుకునే ఒక తల్లి మా వార్డుకు వచ్చేసరికి అదే చోట రెండు కోతలు అయ్యాయి. మళ్ళీ చీము కారుతోంది. నొప్పి అంతగా లేదు, చంకలో బిళ్ళలు ఉన్నాయి. "క్యాన్సరేనా సిస్టరమ్మా?" అని ఏడ్చింది. ముందు తీసిన చీమును పరీక్షకు పంపారా అంటే, "బకెట్ల పారవోసిండ్రు" అన్నది. ఎవరినీ తప్పు పట్టలేము. మేము నర్సింగు నేర్చుకున్న రోజుల్లో మేమూ ట్రే కడిగి పెట్టినవాళ్ళమే.

ఆమెది టీబీ. రొమ్ముకు కూడా టీబీ వస్తుందా అని ఇంటివారు నమ్మలేదు. 1829లోనే ఇంగ్లాండు సర్జన్ ఆస్ట్లీ కూపర్ దీనిని గురించి వ్రాశారు. అరుదే గాని మన దేశంలో మరువరానిది. చీములో ఈ క్రిములు కొద్దిగానే ఉంటాయి కనుక స్లైడులో కనబడకపోవచ్చు. సీబీనాట్ పరీక్ష సుమారు రెండు గంటల్లో తెలుపుతుంది, కల్చరుకు వారాలు పడుతుంది. ఇవి రెండూ తేల్చకపోయినా బయాప్సీలో జాడ దొరకవచ్చు. తీసిన ముక్కనంతా ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చచ్చి కల్చరు పెరగదు. అందుకే మా సిస్టర్లు కొంత ముక్కను సెలైన్‌లో వేరుగా పంపుతారు.

టైఫాయిడ్ క్రిమి కూడా అరుదుగా రొమ్ములో గడ్డ కట్టిస్తుంది. మేకల, గొర్రెల పచ్చిపాల నుండి వచ్చే బ్రూసెల్లా కూడా అంతే. 1998లో పేరు పెట్టిన కొరినీబాక్టీరియం క్రోపెన్‌స్టెడ్టీ అనే మరొకటి ఉంది. ఇది కొవ్వును ఇష్టపడి నెమ్మదిగా పెరుగుతుంది. ప్లేటును త్వరగా తీసివేసినా, చర్మం మీది క్రిమి అని త్రోసివేసినా అది దొరకదు.

కనుక ఈ మధ్య వచ్చిన జ్వరం, ఇంట్లో టీబీ, పచ్చిపాల అలవాటు, షుగరు ఏదున్నా డాక్టరుకు చెప్పండి. దుకాణంలో కొని వేసుకున్న మాత్రల అట్ట తెచ్చి చూపించండి, ఆ మాత్రల వల్ల కల్చరు పెరగకపోవచ్చు. పసరు కట్టి ఆలస్యం చేయవద్దు. మందులకు తగ్గని గడ్డ ఏదైనా సరే, క్యాన్సరు కాదని కూడా తేల్చుకోవాలి.

ఆ తల్లికి ప్రభుత్వ టీబీ మందులు ఉచితంగా అందాయి. పోషణ కోసం ఇచ్చే నిక్షయ్ సొమ్ము 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుండి 1000 అయింది. మూడో నెలకు ఆమెకు చీము ఆగింది. ఆరు నెలల కోర్సు పూర్తిచేసి, చివరి చెకప్‌కు చంటిబిడ్డను చంకన వేసుకుని వచ్చింది.