ఇరవై మంది బుడతలకు కిలోన్నర పిండి చాలు

"యాభై మంది వస్తున్నారండీ, ఎన్ని కిలోల కేకు చెప్పమంటారు?" అని అమీర్‌పేటలో బేకరీ కౌంటరు దగ్గర అడిగితే మామూలుగా వచ్చే జవాబు: కిలోకు పది మంది, అయిదు కిలోలు తీసుకోండి. అది పెద్దవాళ్ల లెక్క, తలకు వంద గ్రాములు. ఎల్లారెడ్డిగూడలోనో, పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలోనో ఫ్లాట్లో నాలుగేళ్ల పాప పుట్టినరోజు చేస్తున్నారనుకుందాం. వచ్చే యాభై మందిలో ఇరవై మంది మూడేళ్ల నుంచి అయిదేళ్ల లోపు వాళ్లే. వాళ్ల చేతికి వంద గ్రాముల ముక్క ఇస్తే పైన క్రీము నాకేసి, కింది స్పాంజి సోఫా మీద పెట్టి పారిపోతారు. అందుకే ఈ కథనంలో లెక్కంతా వాళ్ల పొట్ట నుంచి మొదలుపెడదాం.

ఈ వయసు పిల్లలు ఎంత తింటారో అంచనా వేయడానికి పిల్లల వైద్యులు వాడే సులువైన కొలత ఒకటుంది: ఒక్కో పదార్థం, వయసులో ఏడాదికో టేబుల్ స్పూను చొప్పున. టేబుల్ స్పూనంటే 15 మిల్లీలీటర్లు, మన టీ చెంచాలు మూడు. నాలుగేళ్ల పాపకు నాలుగు టేబుల్ స్పూన్లు, అంటే దాదాపు 60 గ్రాములు. ఇరానీ హోటల్ చాయ్ కప్పు కూడా నిండదు. ఆకలేసినవాళ్లు మరోసారి అడుగుతారు, పెట్టండి. మొదటి వడ్డనకు మాత్రం ఇది చాలు. "ఇంతేనా!" అని అమ్మమ్మలు నొచ్చుకుంటారు కానీ, పార్టీ అయ్యాక చెత్తబుట్టలో చేరే ప్లేట్లు చూస్తే వాళ్లూ ఒప్పుకుంటారు.

ఇప్పుడు రోజు మొత్తానికి ఎంత కావాలో చూద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన పట్టిక ప్రకారం 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1,360 కిలో క్యాలరీలు కావాలి. 1 నుంచి 3 ఏళ్ల వాళ్లకు 1,010. కిలో క్యాలరీ అంటే తిండి నుంచి వచ్చే శక్తికి కొలమానం. మాటల్లో అందరం దాన్నే క్యాలరీ అంటాం.

మామూలు పార్టీ ప్లేటులో ఏముంటుంది? వంద గ్రాముల క్రీము కేకు, ఒక చిన్న సమోసా, గుప్పెడు చిప్స్, ఒక చాక్లెట్, గ్లాసుడు కూల్‌డ్రింకు. అంతా కలిపితే దగ్గర దగ్గర 700 క్యాలరీలు, పాప రోజంతా తినాల్సిన దానిలో సగం. అంగన్‌వాడీలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు రోజూ ఇవ్వాలని ప్రభుత్వం 2013 చట్టంలో పెట్టిన అదనపు ఆహారమే 500 క్యాలరీలు, అందులో 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు కూడా ఉండాలంది. మన ప్లేటులో శక్తి దాన్ని మించింది, మాంసకృత్తులు మాత్రం వెతుక్కోవాలి.

చక్కెర సంగతి ఇంకా స్పష్టం. బయటినుంచి కలిపిన చక్కెరతో వచ్చే శక్తి రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదని, ఇరవయ్యో వంతుకు తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. నాలుగేళ్ల పాపకు పదో వంతంటే 34 గ్రాములు, ఇరవయ్యో వంతంటే 17. టీ చెంచాడు చక్కెర 5 గ్రాములనుకుంటే ఏడు చెంచాలు, లేదా మూడున్నర. పైన చెప్పిన కేకు ముక్కలో సుమారు 30 గ్రాములు, 150 మిల్లీలీటర్ల కోలాలో 16, చాక్లెట్లో మరో 5. మొత్తం పది చెంచాలు! పండులో, పాలలో సహజంగా ఉండే తీపి ఈ లెక్కలోకి రాదు.

"ఏడాదికి ఒక్కరోజే కదా" అంటారు. మీ పాపకు ఒక్కరోజే. ప్లేస్కూలు తరగతిలో పాతికమంది ఉంటే పాతిక పుట్టినరోజులు, అంటే రెండు వారాలకొకటి. అపార్ట్‌మెంట్ పిల్లలవి, చుట్టాల పిల్లలవి వేరే. అందరిళ్లలో ఒకే ప్లేటు తిరుగుతుంటే ఒక్కరోజు ముచ్చట కాస్తా రెండు వారాలకోసారి అలవాటు అవుతుంది.

సరే, ఏం పెట్టాలి? నా ఓటు నాలుగింటికి: బటన్ ఇడ్లీ, పెరుగన్నం, కోసిన పండ్లు, కేకు. బటన్ ఇడ్లీ ఒక్కోటి 15 గ్రాములు ఉంటుంది, పిల్లకు నాలుగు. ఇరవై మందికి 80, చేతిలో ఇరవై అదనంగా ఉంచుకుంటే వంద. దీనికి కిలోన్నర పిండి చాలు. ఆవిరికి కాస్త బరువు తగ్గుతుంది కాబట్టి వంద నిండకపోయినా తొంభై దాకా వస్తాయి. వేడిగా ఉండగానే నెయ్యి, చక్కెర లేని పప్పుల పొడి కాస్త పట్టించండి. పొడిబారిన ఇడ్లీ పిల్లల గొంతులో అడ్డం పడుతుంది. పెరుగన్నానికి పావుకిలో బియ్యం, అరలీటరు పెరుగు, పావులీటరు పాలు. పోపులో ఆవాలు, కరివేపాకు చాలు. ఎండుమిర్చి, జీడిపప్పు పెద్దవాళ్ల గిన్నెకు వదిలేయండి. పండ్లకు రెండు కిలోల పుచ్చకాయ తెస్తే తొక్క పోగా కిలో పావు దాకా మిగులుతుంది. ఎర్రగడ్డ రైతుబజారు అమీర్‌పేట మెట్రో నుంచి మూడో స్టేషనే.

కేకు ముక్క 40 గ్రాములు చాలు. యాభై మందికీ అదే కొలతలో కోస్తే రెండు కిలోలు. బేకరీ లెక్కకు మూడు కిలోలు తక్కువ. క్రీము కేకులో పావు నుంచి మూడో వంతు చక్కెరే ఉంటుంది కాబట్టి పిల్లకు 12 గ్రాములు చేరుతుంది. దాంతోపాటు చెంచాడు చక్కెరతో చిన్న గ్లాసు నిమ్మరసం ఇస్తే 17. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కట్టుదిట్టమైన హద్దులోనే పుట్టినరోజు అయిపోయింది. ప్లేటు మొత్తం 350 క్యాలరీల లోపే, అంటే రాత్రి భోజనం కూడా దీంతోనే సరి.

పిల్లలు ఇడ్లీ చూసి మొహం తిప్పుకుంటారేమోనని భయమా? ఇంట్లో ఇడ్లీ వద్దనే పిల్లాడే పక్క పిల్లాడు పుల్లకు గుచ్చుకుని తింటుంటే తనకూ కావాలంటాడు. ఆ పుల్ల మాత్రం మొన తేలిన టూత్‌పిక్ కాకూడదు. ఐస్‌క్రీం పుల్ల ఇవ్వండి.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన విషయం గొంతుకు అడ్డం పడటం. ఈ వయసులో శ్వాసనాళం కూల్‌డ్రింకు స్ట్రా అంత సన్నం. నమలడం పూర్తిగా రాదు, పైగా నోట్లో పెట్టుకుని పరిగెడతారు, నవ్వుతారు. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ అయిదేళ్ల లోపు పిల్లలకు గింజలు గింజలుగా పల్లీలు, జీడిపప్పు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు పెట్టవద్దంటుంది. మన ఇళ్లలో ఆ జాబితా ఇంకా పొడుగు: మిక్చర్లో పల్లీలు, వేయించిన శనగలు, బఠాణీలు, పాలకాయలు, పెళుసుగా విరిగే సకినాలు, పులిహోర పోపు, చిన్న కప్పుల్లో వచ్చే జెల్లీ. కేకు మీద మెరిసే వెండి గుళ్లు కూడా కోసే ముందే తీసి పారేయండి. బొమ్మ నిలబెట్టడానికి లోపల గుచ్చిన పుల్లలు ఎన్నో బేకరీలో అడిగి, లెక్కపెట్టి తీయండి.

ద్రాక్షకు ఒక పద్ధతి ఉంది. అడ్డంగా కోస్తే గుండ్రటి బిళ్లలు వస్తాయి, అవి గొంతుకు సరిగ్గా మూతలా పడతాయి. కాయను నిలబెట్టి, కాడ ఉన్న చోటు నుంచి కిందికి చీల్చి, ఆ సగాన్ని మళ్లీ చీల్చాలి. పిల్లకు ఆరు చొప్పున 120 కాయలు. ఇద్దరు కూర్చుంటే పెద్ద పనేం కాదు. ఓపిక లేకపోతే పుచ్చకాయతో సరిపెట్టేయండి, గింజలు తీసి. తిండి కాకపోయినా మరొకటి: పగిలిన బెలూన్ ముక్క నోట్లో పెట్టుకుంటే పల్లీకంటే ప్రమాదం. పగిలినప్పుడల్లా ఎవరో ఒకరు ఏరాలి. తినేటప్పుడు చాప వేసి అందరినీ కూర్చోబెట్టడం అన్నిటికంటే చవకైన జాగ్రత్త. పిల్ల దగ్గలేక, మాట రాక ఇబ్బంది పడితే ముందుకు వంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా తట్టాలి. ఈలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి.

తర్వాతి ప్రశ్న గడియారానిది. పిలుపులో ఆరున్నర అని వేస్తాం, జనం ఏడున్నరకు వస్తారు, కేకు ఎనిమిదికి. సాయంత్రం పంజాగుట్ట చౌరస్తా దాటి రావాలి కాబట్టి వాళ్లననీ లాభం లేదు. కానీ టిఫిన్ సెంటరు నుంచి అయిదున్నరకు వచ్చిన డబ్బా ఎనిమిదిదాకా టేబుల్ మీదే ఉంటే రెండున్నర గంటలు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు చురుగ్గా పెరుగుతాయి. అనుకూలమైన వేడిలో కొన్ని రకాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. వందతో మొదలైతే రెండు గంటలకు ఆరు రెట్టింపులు, 6,400. నాలుగు గంటలకు పన్నెండు రెట్టింపులు, నాలుగు లక్షలు దాటుతుంది. అందుకే వండిన తిండి బయట రెండు గంటలు మించి ఉంచొద్దంటారు. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ అంటే గంట కిందే లెక్క. వండిన అన్నం విషయంలో ఇది మరీ ముఖ్యం. చింతపండు పులుపున్న పులిహోర కొంత నయం.

కాబట్టి పిల్లల తిండి కేకు కోసం ఆగకూడదు. ఆరుముప్పావుకు ఎందరుంటే అందరికీ పెట్టేయండి, ఆలస్యంగా వచ్చినవాళ్లకు రెండో విడత ఆవిరి పట్టండి. పొట్ట నిండిన పిల్లలు కేకు కోసం కొట్టుకోరు, చిన్న ముక్కకే తృప్తి పడతారు. కేకు ఫ్రిజ్‌లోంచి కోసే ముందే బయటికి రావాలి. కొవ్వొత్తి దగ్గర స్నో స్ప్రే వద్దు. చాలా డబ్బాల్లో మండే వాయువు ఉంటుంది, నురుగు కేకు మీద పడుతుంది కూడా.

రంగుల కేకు మంచిదేనా? 2024లో కర్ణాటక అధికారులు 235 కేకు నమూనాలు పరీక్షిస్తే 12 సురక్షితం కాదని తేలాయి, ఇరవైలో ఒకటి. కృత్రిమ రంగు కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే మన 40 గ్రాముల ముక్కలో 4 మిల్లీగ్రాములే హద్దు. నాలుక ఎర్రగా, నీలంగా మారే ముదురు రంగు క్రీము మానేసి తెల్ల క్రీము మీద పండ్లు పెట్టించుకోండి. పార్టీ హాలులో పీచు మిఠాయి యంత్రం పెట్టిస్తామంటే మర్యాదగా వద్దనండి. బట్టలకు వాడే రోడమిన్-బి రంగు దొరకడంతో 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచు మిఠాయినే నిషేధించింది.

శాండ్‌విచ్‌లు చేయాలనుకుంటే మయోనైజ్ జోలికి పోవద్దు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది, హైదరాబాద్‌లో జనం జబ్బుపడ్డాకే. గుడ్డలో వడగట్టిన గట్టి పెరుగులో ఉప్పు, మిరియాల పొడి కలిపితే అంతకంటే రుచి.

తాగడానికి నీళ్లు, పలచటి మజ్జిగ, నిమ్మరసం. అట్టపెట్టె పళ్లరసాలు తేవాలనిపిస్తే వెనకవైపు చక్కెర గ్రాములు చదివాకే తెండి. "ఓఆర్ఎస్" అని రాసి ఉంటే మంచిదేగా అనుకునేవాళ్లం ఒకప్పుడు. అసలు ఓఆర్ఎస్‌లో 200 మిల్లీలీటర్లకు గ్లూకోజు 2.7 గ్రాములే. తియ్యటి పానీయాలకు ఆ పేరు పెట్టడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. డబ్బు లెక్క కూడా ఇటే మొగ్గుతుంది: 2025 సెప్టెంబరు 22 నుంచి కేకుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు తగ్గింది, గ్యాసు కూల్‌డ్రింకుల మీద 40 శాతం ఉంది.

పెద్దవాళ్లకు బిర్యానీ చెప్పుకోండి, పంజాగుట్టలో కొదవేముంది. అది ఎనిమిదింటికి పొగలు కక్కుతూ రావాలి, పిల్లల టేబుల్‌కు దూరంగా ఉండాలి. కూరలు కర్రీ పాయింటు నుంచి తెచ్చినా తప్పులేదు, గంట ముందు తేకుంటే చాలు.

ఆఖరి పని వారం ముందే చేయాలి. పిలుపు మెసేజ్‌లో రెండు వాక్యాలు చేర్చండి: "పిల్లలకు ఆరుముప్పావుకే తిండి పెట్టేస్తాం. మీ బాబుకు గానీ పాపకు గానీ పాలు, గుడ్డు, పల్లీ, జీడిపప్పు, గోధుమ లాంటివి పడకపోతే ముందే చెప్పండి." జవాబు రానివాళ్లకు ఫోన్ చేయండి. ఎవరికైనా గుడ్డు పడదంటే మొత్తం కేకు గుడ్డు లేనిదే చెప్పండి. ఆ ఒక్క పిల్లకు వేరే ప్లేటులో వేరే ముక్క పెట్టి కూర్చోబెడితే బాగుండదు.